బొట్టు చూసి ఓటు

ఎన్నికలొచ్చాయంటే మా మార్కాపురంలో మగవాళ్ళు లెక్కల్లో పడతారు. ఏ మండలంలో ఏ కులం ఇళ్ళెన్ని, ఏ పెద్దమనిషి ఎటు మొగ్గాడు, ఎవరి అల్లుడు ఎవరి జీపులో తిరుగుతున్నాడు, ఇవన్నీ పలకమీద బలపంతో రాసినట్టు చెప్పేస్తారు. పలకలకు పుట్టిల్లయిన ఊరు గదా మరి! ఆడవాళ్ళం ఆ లెక్కల జోలికి పోము. మనం చూసేది వేరు. అభ్యర్థి గుమ్మంలోకి వచ్చి దణ్ణంపెట్టి వెళ్ళాక, ఆయన వెంట వచ్చిన భార్యను గురించి మాట్లాడుకుంటాం. చీర ఎటువంటిది, మాట మెత్తనా కాదా, చేతికి గాజులున్నాయా, అన్నిటికంటే ముందు నుదుట బొట్టుందా.

2024 వేసవిలో మా వీధి అరుగుమీద నా చెవిన పడిన మాటలివి.

"ఆమె బొట్టు చూసినావా వదినా? కనపడీ కనపడనట్టు ఇంత స్టిక్కరు!"

"ఈ మధ్య అందరం స్టిక్కర్లే గదమ్మా పెట్టేది."

"మనం పెట్టేది వేరు, వాళ్ళు పెట్టేది వేరు."

ఈ 'వాళ్ళు' అన్న మాట ఉంది చూశారూ, దాన్ని గురించే ఈ వ్యాసం. అన్నావిడ దుర్మార్గురాలేం కాదు. చుట్టుపక్కల ఎవరికి జ్వరమొచ్చినా కారియరు కట్టి పంపే మనిషి. ఆ అభ్యర్థి భార్య ఏ మతస్థురాలో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రం అరుగంతా ఉంది.

అభ్యర్థి మతం ఓటర్లమీద ఎంత ప్రభావం చూపుతుందని ఎన్నికల పండితులు పత్రికల్లో రాస్తుంటారు. శాతాలు, పటాలు, పైకీ కిందికీ బాణం గుర్తులు! నాకు వారితో తగవేమీ లేదు. కాని ఆ జబ్బును వాళ్ళు వెతికేచోటు వేరు, అది కాపురమున్న చోటు వేరు అని నా అభిప్రాయం. వాళ్ళు ఓట్ల పెట్టెలో వెతుకుతారు. అది మన వసారాలో కూచుని ఉంది.

మొదట పెట్టె సంగతే చూద్దాం. 2019 ఏప్రిల్ ఎన్నికల్లో మా పక్కనున్న గిద్దలూరులో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ అభ్యర్థి అన్నా రాంబాబు 81,035 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆ ఏడు రాష్ట్రం మొత్తంమీద పులివెందుల తరవాత అంత మెజారిటీ మరో చోట రాలేదు. అయిదేళ్ళు తిరిగేసరికి, 2024 మేలో, అదే గిద్దలూరులో అదే పార్టీ 973 ఓట్ల తేడాతో ఓడిపోయింది. తెలుగుదేశం తరఫున ముత్తుముల అశోక్ రెడ్డి గెలిచారు. పార్టీ నాయకుడు జగన్మోహన్ రెడ్డిది క్రైస్తవ కుటుంబమన్న సంగతి ఈ అయిదేళ్ళలో కొత్తగా బయటపడిందా? వాళ్ళ నాన్నగారు రాజశేఖరరెడ్డి 1978లో మొదటిసారి శాసనసభకు వెళ్ళిన దగ్గర్నుంచీ అందరికీ తెలిసిన విషయమే అది. తెలిసే 2019లో అలా గుమ్మరించారు, తెలిసే 2024లో వెనక్కి తీసుకున్నారు. మధ్యలో మారింది దేవుడు కాదు. ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు మాట్లాడుకున్నది, 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్ళు ఎప్పుడొస్తాయా అని. తాతల నాటి పొలానికిచ్చిన పాసు పుస్తకంమీద ముఖ్యమంత్రి బొమ్మ ఎందుకా అని. ఇంతకీ ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా ఆ పార్టీకి దక్కినవి 11 స్థానాలే అయితే, అందులో రెండు పాత ప్రకాశం జిల్లావే. ఎర్రగొండపాలెం, దర్శి. ఒకే నాయకుడు, ఒకే మతం, ఇరుగుపొరుగు నియోజకవర్గాలు. ఫలితం మాత్రం తలోదారి!

పల్లెల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు ఆ పార్టీ వైపే ఎక్కువగా మొగ్గుతారని అంటారు. నాకూ అలాగే కనిపించింది. అయితే ఆ మొగ్గులో ప్రార్థన పాలెంత, నెలనెలా ఇంటికొచ్చే పింఛను పాలెంత, మనల్ని పలకరించేవాడు ఒకడున్నాడన్న నమ్మకం పాలెంత అని విడదీసి చెప్పగల తక్కెడ ఎవరి దగ్గరుంది?

పోనీ, పేర్ల సంగతి చూడండి. 1980లలో గిద్దలూరునుంచి తెలుగుదేశం తరఫున శాసనసభకు వెళ్ళినాయన పేరు ముడియం పీరారెడ్డి. పీరు, రెడ్డి, రెండూ ఒకే పేరులో! మా వైపు ఇదేమీ వింత కాదు. పిల్లలు నిలవకపోతే పీర్లకు మొక్కుకుంటారు. పుట్టినవాడు పీరయ్య అవుతాడు, మస్తాను అవుతాడు. ఆడపిల్లయితే మస్తానమ్మ, ఫకీరమ్మ, నాగూరమ్మ. ఈ మస్తానమ్మలే చైత్రంలో చెన్నకేశవస్వామి రథం కదిలితే గుమ్మడికాయ పట్టుకుని పరుగెత్తుతారు. 2014లో ఎర్రగొండపాలెంలో గెలిచినాయన పాలపర్తి డేవిడ్ రాజు. పేరు చూసి మతం నిర్ణయించే జ్యోతిష్కులు ఈ ఇద్దరి ముందూ తలగోక్కోవాల్సిందే. మరి కొంచెం వెనక్కి వెళితే, ఏ దేవుడితోనూ పొత్తులేని కమ్యూనిస్టు పార్టీ తరఫున పూల సుబ్బయ్యగారిని ఎర్రగొండపాలెంవారే శాసనసభకు పంపారు. వెలిగొండ ప్రాజెక్టుకు ఇవాళ ఆయన పేరే ఉంది. ఆయనకు ఓటేసిన ఇల్లాళ్ళు ఆ సాయంత్రం తులసికోట దగ్గర దీపం మానేసి ఉంటారనుకోను.

గుడి సంగతి వేరు. అది ఒప్పుకోవాలి. 2014లో ఒంగోలు లోక్‌సభ స్థానానికి వై.వి. సుబ్బారెడ్డి పోటీచేసినప్పుడు ఆయన ఏ మతమన్న మాట నా చెవిన పడలేదు. ఆ స్థానం కిందే మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం మూడూ వస్తాయి. ఆయన గెలిచారు. 2019 జూన్‌లో తిరుమల దేవస్థానం అధ్యక్షుడు కాగానే ఎక్కడలేని ప్రశ్నలూ వచ్చిపడ్డాయి. తాను హిందువునేనని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. దేవస్థానానికి హిందువే ఉండాలనడం చట్టం, సబబు కూడా. 2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి గొడవ రేగినప్పుడు జగన్ తిరుమల ప్రయాణం పెట్టుకుని, డిక్లరేషను వివాదం ముదిరాక మానుకున్నారు. నాలుగు గోడలమధ్య బైబిలు చదువుకుంటాను, బయట అన్ని మతాలనూ గౌరవిస్తాను అన్న అర్థంలో ఆయన చెప్పింది అప్పుడే. గుడికి వెళ్ళేవారు గుడి నియమం పాటించాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. మన ఊరి రోడ్డు వేయించవలసిన మనిషి ఇంట్లో ఏ పుస్తకం చదువుతాడన్నది మరో ప్రశ్న. మనం రెంటినీ ఒకే రోట్లో వేసి దంచుతాం.

ఇక అసలు సంగతికి వస్తాను. మా కంభం చెరువుకు నీళ్ళు తెచ్చేది గుండ్లకమ్మ. గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువది. ఆ ఏరే నల్లమలలో పుట్టి, మమ్మల్ని దాటి, తూర్పుగా ఒంగోలు వైపు పోతుంది. 1876 నుంచి రెండేళ్ళు మహా కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు పాదిరీ క్లవ్ దొరగారు బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని పెట్టాడు. ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరాన, ఆ గుండ్లకమ్మ ఒడ్డునే, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అటు తరవాత మిషనువారు కంభంలోనూ మార్కాపురంలోనూ బడులూ ఆస్పత్రులూ తెరిచారు. అప్పటికి ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు కలిశాయి.

గంజి కోసం మతం మారారని మన ఇళ్ళలో ఇప్పటికీ ఎగతాళి చేసేవారున్నారు. కరువులో పని చూపి, పక్కన కూచోబెట్టుకుని, నీ బిడ్డకు అక్షరాలు నేర్పుతానన్నవాడి దేవుడిమీద నమ్మకం కుదరడంలో వింతేముంది? ఎగతాళి చేసే మనం తిరుపతి కొండకు మొక్కుకునేది పిల్ల పెళ్ళికోసం, పిల్లవాడి ఉద్యోగం కోసం కాదూ!

ఇక్కడ చట్టం వచ్చి నిలబడింది. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల గుర్తింపు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. చేర్చవచ్చని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను చెప్పింది. క్రైస్తవులైన దళితులను చేర్చమని మన శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2022లో కేంద్రం ఇంకో కమిషను వేసింది. ఇలా కాగితాలు తిరుగుతూనే వచ్చాయి. 1976లో గుంటూరు వైద్య కళాశాల సీటు కేసులో సుప్రీంకోర్టు ఏమందో వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. క్రైస్తవులైన తల్లిదండ్రులకు పుట్టినవాడు హిందువుగా మారితే, ఆ కులంవారు తమలో చేర్చుకుంటే, అతనికి ఆ కులం దక్కుతుందట! అంటే కులం అలమారలో దాచిన పట్టుచీరలాగా భద్రంగా ఉంటుందన్నమాట, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి కట్టుకోవచ్చు.

ఎర్రగొండపాలెం 2009 ఎన్నికలనుంచి షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. అక్కడ నిలబడదలచిన ఒక దళితుడు, నేను యేసును నమ్ముకున్నానని నిజం చెప్పాడనుకోండి, నామినేషను వేసే అర్హతే పోతుంది. ఊరి పెద్దవీధిలో అతనికి గ్లాసు వేరుగా పెట్టేవాళ్ళు అతని దేవుణ్ణి అడిగి పెట్టరు. చర్చికి వెళ్ళినంతమాత్రాన ఆ గ్లాసు మారదు. కాగితంమీద మాత్రం కులం మాయమవుతుంది. అందుకే ఎన్నో ఇళ్ళలో మనిషికి రెండు పేర్లు. చర్చి పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. ఆదివారం మరియమ్మ, సోమవారం మహాలక్ష్మి. ఇది వేషమని మనం ముక్కున వేలేసుకుంటాం. వేషం వేయక తప్పని స్థితి తెచ్చినవాళ్ళెవరో అడగం. మతం పేరుతో ఓటడగడం 1951 చట్టం ప్రకారం తప్పు. ఆ నిషేధాన్ని 2017 జనవరిలో సుప్రీంకోర్టు మరింత గట్టిచేసింది, ఓటరు మతం ఎత్తి అడిగినా తప్పేనంది. కాని అరుగుమీద కూచుని, ఆమె బొట్టు చూసినావా అనడాన్ని ఆపే చట్టం ఏ దేశంలోనూ లేదు.

ఇదంతా మన కథల్లో ఎక్కడుంది? నవలలు రాసేదాన్ని కనక నాకు ఈ ప్రశ్నే ముఖ్యం. మన తెలుగు నవలలో నాయకుడికి కులం ఉంటుంది, చెప్పకపోయినా ఇంటిపేరులో తెలుస్తుంది. ఎన్నికల నవలల్లో సారా ఉంటుంది, డబ్బు ఉంటుంది, కొట్లాట ఉంటుంది. దేవుడు మాత్రం ఉండడు. క్రైస్తవులు వచ్చారా, ఆవిడ నర్సు మేరీ. తెల్లటి దుస్తులు, మెడలో సిలువ, చివర్లో త్యాగం. సినిమాల్లో అయితే మరీనూ! ఆ రోజుల్లో స్మగ్లరు పేరు రాబర్టు, వాడి అనుచరుడు పీటరు. ఇరవై ఏళ్ళు ఆ రాబర్టులనే చూసి పెరిగిన ప్రేక్షకురాలు, శామ్యూల్ అనే పేరుతో ఒకాయన ఓటడగడానికి వస్తే, మనసులో ఏ మూలో ఒక అరక్షణం ఆగదూ? ఆ అరక్షణం గురించి ఎవరూ రాయరు.

అదే తెరమీద రామారావుగారు కృష్ణుడయ్యారు, రాముడయ్యారు, వెంకటేశ్వరస్వామి అయ్యారు. తిరుపతికి వెళ్ళిన జనం అటునుంచి మద్రాసులో ఆయన ఇంటికి వెళ్ళి చూసి వచ్చేవారు. 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరిలో గెలిచారు. ఆయన గెలుపుకు కారణాలు సవాలక్ష. కాని ఆ ముఖం చూడగానే చేతులు జోడించిన ఆడవాళ్ళను నాకు మా పెద్దలు కథలు కథలుగా చెప్పారు. అప్పుడు ఆయన దేవుణ్ణి గురించి ఎవరూ ప్రశ్న వేయలేదు. వేయవలసిన అవసరమే లేదు, అది మన దేవుడు గనక. అభ్యర్థి మతం అనే ప్రశ్న మనకు కొందరి విషయంలోనే గుర్తొస్తుంది. పక్షపాతమంటే అదే కదా!

ఈ లోటు తీర్చిన పుస్తకం నాకు తెలిసి ఒకటే ఉంది. 2000లో వచ్చిన జి. కళ్యాణరావుగారి 'అంటరాని వసంతం'. కరువు, కాలవ పని, మారిన పేర్లు, మారినా వదలని అంటు, ఇవన్నీ రూతు అనే ముసలావిడ జ్ఞాపకాల్లోంచి వస్తాయి. నినాదాలు మరీ ఎక్కువయ్యాయని నాకు అక్కడక్కడా అనిపించింది. రచయిత తన పాత్రలను కొంచెంసేపు తమ మానాన వదిలి ఉంటే బాగుండేది. అయినా మతం మారడమంటే ఒక ఇంట్లో ఏమేం మారుతుందో, ఏది మారదో ఆ నవల చెప్పినట్టు మరేదీ చెప్పలేదు. మీ ఇంటి దగ్గర్లో గ్రంథాలయం ఉంటే అడగండి. మహాకవి జాషువాగారి జీవితం మరో నవల. వినుకొండవాడు. క్రైస్తవుడని ఒకరు, హిందూ పురాణాల మీద కావ్యాలు రాశాడని ఒకరు, ఇటూ అటూ దూరంగా నిలబెట్టారు. 1964లో ఆయన శాసనమండలి సభ్యులయ్యారు. నియమించారు కనక సరిపోయింది. ఓట్లకు నిలబడి ఉంటే, పద్యాలు నోటికి చదివి చప్పట్లు కొట్టిన మనలో ఎంతమంది వేసేవాళ్ళమో!

ఇది మనకొక్కళ్ళకే ఉన్న జబ్బని నిరాశపడనక్కర్లేదు. అమెరికాలో 1960లో కెనడీ అధ్యక్ష పదవికి నిలబడితే, క్యాథలిక్కు కనక పోపు చెప్పినట్టు ఆడతాడేమోనని భయపడ్డారు. ఆయన హూస్టన్ వెళ్ళి, ప్రొటెస్టెంటు పాదిరీల ఎదుట నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. గెలిచాడు, కాని బొటాబొటిగా. ఇప్పుడు మనకు మరీ దగ్గరి ముచ్చట ఒకటి. 2025 జనవరిలో ఆ దేశ ఉపాధ్యక్షుడైన వాన్స్ భార్య ఉషా చిలుకూరి తెలుగింటి ఆడపడుచు. వాళ్ళ మూలాలు పశ్చిమ గోదావరి వడ్లూరులో ఉన్నాయని మనవాళ్ళు పండగ చేసుకున్నారు. ఆమె హిందువుగానే ఉంది. అది అక్కడ కొందరికి కంటగింపు. 2025 అక్టోబరులో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఒక సభలో వాన్స్, తన భార్యా ఏదో ఒకనాటికి తనలాగే చర్చి దారికి వస్తే బాగుండునన్నట్టు మాట్లాడాడు. దానిమీద మన ఇళ్ళలో ఎంత కోపం! మా పిన్ని ఒకావిడయితే, "ఆ పిల్ల నమ్మకం ఆ పిల్లది, వాళ్ళకెందుకంట?" అని టీవీ కట్టేసింది. న్యాయమైన కోపం. అరుగుమీద స్టిక్కరు బొట్టు గురించి కబుర్లాడినవాళ్ళలో ఆవిడ కూడా ఉంది.

ఎక్కడైనా మగవాడి మతాన్ని ఆడదాని నుదుటనే వెతుకుతారు, గమనించారా? ఆయన పంచె కడితే చాలు, మనవాడే. రాజశేఖరరెడ్డిగారి పంచెకట్టు చూసి ముచ్చటపడని వాళ్ళు మా ప్రాంతంలో అరుదు. ఆయన ఆదివారం ఎక్కడికి వెళతాడన్నది ఆ పంచె అంచులో కలిసిపోయింది. భార్యలకు ఆ వెసులుబాటు లేదు. బొట్టు పెడితే నాటకమంటారు, పెట్టకపోతే పొగరంటారు. చిన్నది పెడితే ఇదిగో, మా అరుగుమీద పంచాయితీ.

నేను చదవాలనుకుంటున్న నవలలో కథానాయిక ఆవిడే. ఎర్రగొండపాలెం లాంటి చోట పోటీచేసే ఒక అభ్యర్థి భార్య. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఇవాళ ఏ వీధి అని మొగుణ్ణి అడుగుతుంది. కోమట్ల వీధయితే పెద్ద బొట్టు, పూలు. పేటలోకయితే బొట్టు తీసి పర్సులో పెట్టుకోవాలి, లేకపోతే అక్కడి పెద్దమ్మలు, "మమ్మల్ని మరిచిపోయినావా బిడ్డా" అని నొచ్చుకుంటారు. మధ్యాహ్నం దర్గా వీధి, తలమీద కొంగు. రాత్రి ఇంటికొచ్చి అద్దం ముందు కూచున్నప్పుడు, తనకు తానుగా ఏం పెట్టుకోవాలనిపిస్తుందో ఆమెకు చాలా రోజులుగా ఎవరూ అడిగి ఉండరు. రాయాలంటే ముందు ఆమెను కూచోబెట్టి అడగాలి. 2024లో నేను ఒకావిడను అడిగి చూశాను. మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, గుమ్మంవైపు ఒకసారి చూసి, "ఈ ఎలక్షన్లు అయిపోనీండి మేడం" అంది. అయిపోయాక మళ్ళీ వెళ్ళాను. "పంచాయతీ ఎలక్షన్లు వస్తాయంట గదా" అంది.